పై గోడౌన్ నుంచి వచ్చే జవాబు

మొన్న పొద్దున చిక్కపేట నుంచి సావుకారు ఫోన్ చేశారు. ఆయనది చీరల హోల్‌సేల్ దుకాణం. "గోడౌన్ తాత పోయినాడమ్మా," అన్నారు. రెండు రోజులు జ్వరమట. మూడో రోజు కాఫీ అడిగి, అది వచ్చేలోపే వెళ్లిపోయాడట. నేను ఏదో అనబోతుంటే సావుకారే మళ్లీ అందుకున్నారు. "దుకాణం తెరిస్తే కంప్యూటర్ మీద తాత మాట ఇంకా వస్తాండాది. నాకు సూసేకి అయితాలేదు. నువ్వొచ్చి దాన్ని తీసెయ్యల్ల." వస్తానన్నాను. ఫోన్ పెట్టేశాక ఏడ్చాను. తాత నాకేమీ చుట్టం కాదు. అయినా ఏడ్చాను.

ఆ మాట సంగతి మీకు చెప్పాలి. ఆ దుకాణంలో తొలిసారి అడుగుపెట్టేనాటికి నా ఉద్యోగం పోయి నాలుగు నెలలు. హెబ్బగోడిలో అద్దె గది, ఓ పాత ల్యాప్‌టాప్, ఒంటినిండా పౌరుషం, ఇవీ నా ఆస్తులు. ఎవరో చెబితే సావుకారు పిలిచి, గోడౌన్‌లో ఏ చీరల మూట ఎక్కడుందో ఇకనుంచి కంప్యూటర్ చెప్పాలన్నారు. అప్పటిదాకా చెబుతున్నది తాతే. రోజూ దుకాణం తెరవగానే సావుకారు కింద నుంచి "తాతా" అని కేకేస్తారు. మేడ మీది గోడౌన్‌లోంచి "ఉండాను" అని జవాబు వస్తుంది. ఆ తర్వాతే బేరాలు. ఫలానా మూట అంటే చాలు, హమాలీ మెట్లెక్కేలోపు అది ఏ అరలో ఉందో తాత చెప్పేసేవాడు. ఆయన పని ఊడగొట్టడానికి వచ్చానని నాకు తెలుసు. ఆయనకూ తెలుసు. అయినా మొదటిరోజే బై టూ కాఫీ తెప్పించి సగం నాకిచ్చాడు.

జావాలో రాసిన ప్రోగ్రాం కింద కౌంటర్ దగ్గరి కంప్యూటర్‌లో పెట్టాను. మూటల వివరాలు దాచుకునే కీ-వాల్యూ స్టోర్ పైన గోడౌన్‌లో, ఇంకో కంప్యూటర్‌లో. అదేమిటని తాత అడిగాడు. ఒక పేరు చెబితే ఆ పేరు కింద దాచినది తెచ్చిస్తుంది, అంతకుమించి దానికేమీ తెలియదన్నాను. నా పనీ అదే కదా పాపా అని నవ్వాడు. మూటలకు నంబర్లిస్తానంటే మాత్రం ఒప్పుకోలేదు. "నంబరు నీకు గుర్తుంటాది. కొనేటోళ్లకి అంచు గుర్తుంటాది," అన్నాడు. అలా ప్రతి మూటకూ ఆయన పెట్టిన పేరే కీ అయింది. మామిడిపిందె అంచు ఎరుపు, గళ్ల పచ్చ, ఇలాగ.

తీరా చూస్తే కింది ప్రోగ్రాం పైదాంతో కలవదే! రెండు రోజులు 'కనెక్షన్ రిఫ్యూజ్డ్' అని ఒకటే పాట. వైర్లు మార్చాను, కోడ్ మార్చాను, అన్నం మానేసి అలిగాను. తాత నా అవస్థ అంతా చూసి, పైదాన్ని పైనే కూర్చుని అడిగితే పలుకుతుందా అన్నాడు. పలుకుతుందన్నాను. "అట్లయితే లోపల గడియ పెట్టుకోనుండాదేమో సూడు." చూద్దును కదా, నిజమే. ఆ స్టోర్ తానున్న కంప్యూటర్ మాట తప్ప బయటివాళ్ల మాట వినకుండా అమర్చి ఉంది. పాస్‌వర్డ్ పెట్టి, కింది కంప్యూటర్ ఒక్కదానికి దారి ఇచ్చాను.

రెండూ కలిశాయో లేదో తెలియాలంటే ఒక కీ పంపి జవాబు చూడాలి. లోకమంతా అక్కడ 'టెస్ట్' అని పెడుతుంది. నేను 'తాత' అని పెట్టి, దాని కింద 'ఉండాను' అని దాచాను. సావుకారు మీట నొక్కగానే తెర మీద 'ఉండాను' అని వచ్చింది. హమాలీలతో సహా అందరం నవ్వాం. తాత సిగ్గుపడ్డాడు. అప్పటినుంచి ఆ ప్రోగ్రాం రోజూ ముందు తాతను పిలుస్తుంది, జవాబు వస్తేనే పనిలోకి దిగుతుంది.

మూడో వారం కరెంటు పోయి వచ్చింది. ప్రోగ్రాం పిలిస్తే తాత పలకలేదు. స్టోర్ మొత్తం ఖాళీ. అన్నీ మెమరీలోనే ఉంచి, డిస్కు మీద కూడా దాచుకోమని దానికి చెప్పడం మర్చిపోయాను. సావుకారు ముఖం చూసి నా సంచి సర్దుకున్నాను. తాత ఒక్క మాట అంటే చాలు, నేను ఇంటికి, ఆయన కుర్చీ ఆయనకు. ఎవరూ తప్పుపట్టరు. ఆయన స్టూలు లాక్కుని నా పక్కన కూర్చున్నాడు.

"మరిసిపోయిందంతే కదా. మళ్లా చెప్తా, కొట్టు."

సాయంత్రందాకా చెప్పాడు, కాగితం ముక్క లేకుండా, అర తర్వాత అర. నా తప్పు ఒక్కసారి కూడా ఎత్తలేదు. చివర్లో మాత్రం, ఇంకోసారి మరిచిపోకుండా ఏం చేసినావని అడిగి, డిస్కు మీద దాచే ఏర్పాటు చేసేదాకా నన్ను లేవనివ్వలేదు. ఆ పని చూసే నాకు పక్క వీధిలో ఇంకో రెండు దుకాణాలు, ఆ తర్వాత ఇప్పటి ఉద్యోగం వచ్చాయి. తాత కుర్చీ కూడా ఎక్కడికీ పోలేదు. కొత్త మూట వచ్చినప్పుడల్లా దానికి పేరు పెట్టడానికి ఆయనే కావాలి మరి.

నిన్న వెళ్లాను. మెట్రో మెట్లెక్కి బయటపడగానే అదే తోపుడుబండ్ల హోరు. నేను తీయాల్సింది కోడ్‌లో ఒక్క వరుస, రెండు నిమిషాల పని. సావుకారు మీట నొక్కబోతూ అలవాటుగా మెట్లవైపు తలెత్తారు. తెర మీద వచ్చింది, 'ఉండాను'. నేను ల్యాప్‌టాప్ తెరవబోతే చెయ్యి అడ్డం పెట్టారు.

"వద్దులేమ్మా. పలకనీ."

కళ్లు తుడుచుకుని, గుమ్మంలో నిలబడ్డ గిరాకీని ఏం కావాలని అడిగారు. మామిడిపిందె అంచు, ఎరుపు అన్నారు వాళ్లు. నేను ఆ పేరు కొట్టాను. అర ఎక్కడో తెర చెప్పింది. హమాలీ అప్పటికే మెట్లెక్కుతున్నాడు.