ఇనుప బద్ద మీద బావమరిది

మా ఆవిడ పోయాక ఆవిడ మల్లెతీగ నేల మీదే పాకుతోంది. పందిరి వేద్దామని ఈ రోజు ఒక ఇనుప బద్దను చెక్క మీద పెట్టి డ్రిల్లు ఆన్ చేశాను. బిట్టు గడగడా వణికింది. బిట్టు మార్చాను, స్పీడు తగ్గించాను, నూనె చుక్క వేశాను. వణుకు ఆగలేదు.

రామచంద్రపురం నుంచి వచ్చిన మా బావమరిది కాఫీ తాగుతూ నవ్వాడు.

"డ్రిల్లు బానే ఉందండి బావగారూ. ఎప్పుడూ బద్ద అవతలి చివర మా అక్క తొక్కి నిలబడేది కదండీ!"

"అయితే నువ్వు నిలబడు."

నిలబడ్డాడు. రంధ్రం చక్కగా పడింది.

"పనిలో పనిగా అక్కలాగ తిట్టమంటారేంటి?"

"కానీయ్" అన్నాను.

తిట్టాడు గానీ, ఆవిడంత బాగా రాలేదు.

మీ ఇంట్లో అవతలి చివర ఎవరు నిలబడతారండీ?