నాయనకు అర్థమైన పాఠం

కాలేజీల్లో తెలుగులో కూడా పాఠాలు చెప్పాలని ప్రభుత్వం నిర్ణయించేనాటికి నేను అనంతపురంలో ఫిజిక్సు లెక్చరర్ని. అరవైల చివరి మాట. నేను చదివిందీ, అంతవరకూ చెప్పిందీ ఇంగ్లీషులోనే. చదువులు ఇక నాశనమేనని స్టాఫ్ రూములో పెద్దలు తేల్చేశారు. తెలుగు మీడియం సెక్షను ఎవరు తీసుకుంటారని ప్రిన్సిపాల్ అడిగితే అందరూ కిటికీ వైపు చూశారు. నేను చెయ్యెత్తాను. ధైర్యమేమీ కాదు, ఎలా ఉంటుందో చూద్దామన్న సరదా.

తెలుగులో చెప్పడం అలవాటు కావాలని ఆ వేసవంతా మా ఇంట్లోనే క్లాసు. ఎనిమిదో తరగతి వరకు చదివిన నా భార్య చింతపండులో గింజలు తీస్తూ వినేది. అర్థం కాకపోతే ఆమె చెయ్యి ఆగిపోయేది. అప్పుడు నేను మళ్ళీ మొదటికి వచ్చేవాణ్ణి.

"జడత్వం" అన్నానొకరోజు.

"అంటే సోమరితనమా?"

నవ్వొచ్చింది కానీ, ఆలోచిస్తే అంతకన్నా బాగా నేనూ చెప్పలేననిపించింది. కాలేజీ తెరిచాక క్లాసులో అదే చెప్పాను. బస్సు బ్రేకు వేస్తే మనం ముందుకు తూలేది మన ఒంటి సోమరితనం వల్లేనన్నాను. పిల్లలు విరగబడి నవ్వారు. ముందు బెంచీలో జట్కా తోలే సాయిబు గారి కూతురు లేచి, "అయితే సార్, బండి ఒక్కసారిగా కదిలినప్పుడు వెనక్కి పడేది కూడా సోమరితనమేనా?" అంది. అన్నేళ్ళ ఉద్యోగంలో క్లాసు మధ్యలో నన్నొకరు ప్రశ్న అడగడం అదే మొదలు. ఇంగ్లీషు పాఠాలప్పుడు పల్లెల నుంచి వచ్చిన పిల్లలు తల వంచుకుని రాసుకునేవాళ్ళు, అంతే. ఇప్పుడు గంట కొట్టినా లేచేవాళ్ళు కారు.

శనక్కాయ పీకడం అయిపోయాక గార్లదిన్నె దగ్గరి మా ఊరి నుంచి నాయన వచ్చాడు. ఇంటికి తాళం ఉండడంతో భుజాన శనక్కాయల సంచితో తిన్నగా కాలేజీకే వచ్చేశాడు. ఇదివరకు వచ్చినప్పుడు నా క్లాసు బయట వరండాలో కూర్చుని కునుకు తీసేవాడు. ఆరోజు నేను పాఠం ముగించి బయటికొచ్చేసరికి కిటికీ ఊచలు పట్టుకుని నిలబడి ఉన్నాడు. కళ్ళు మెరుస్తున్నాయి.

"ఏమప్పా, కుండలో నీళ్ళు సల్లగా ఎందుకయితాయో చెప్పినావు గదా, నాకు అర్థమయింది!"

"నిజంగానా నాయనా?"

"కుండకు సన్న సన్న బొక్కలుంటాయి. నీళ్ళు బయటికి ఊరి ఆవిరయి పోతాంటే లోపలి వేడిని ఎత్తుకపోతాయి. అంతే గదా? ఇన్నేండ్లూ నువ్వు ఈడ ఏం చెప్తాండావో నాకు తెలీదురా. ఊర్లో ఎవరన్నా అడిగితే, ఏదో పెద్ద సదువు చెప్తాండాడులే అంటాంటి."

సంచి అందుకుని భుజాన వేసుకున్నాను. వెనకే వస్తున్న పిల్లలు మా మాటలు విన్నారు. సాయిబు గారి కూతురు ముందుకొచ్చి, "తాతా, రేపు లోపలికే రా. మా క్లాసులో కూర్చుందువు" అంది.

సాయంత్రం బస్సుకు పోతానన్న మనిషి పోలేదు. మర్నాడు ఉతికిన తలగుడ్డ చుట్టుకుని చివరి బెంచీలో కూర్చున్నాడు. పిల్లలు జరిగి చోటిచ్చారు. నాయన ఎదురుగా కూర్చుని వింటుంటే పాఠం చెప్పడం నాకదే మొదటిసారి. ఆ కంగారులో నాకు తెలియకుండానే ఇంగ్లీషులోకి జారిపోయాను.

చివరి బెంచీ నుంచి గట్టిగా వినిపించింది. "తెలుగులో చెప్పప్పా!"

క్లాసు క్లాసంతా బెంచీలు చరిచి నవ్వింది. పక్క గది నుంచి మా సీనియర్ లెక్చరర్ తలుపు దగ్గరికొచ్చి చూశాడు. అప్పటికి నేనూ బోర్డు పట్టుకుని నవ్వుతున్నాను.