పిల్లులకు ఒడిబియ్యం

నా చిన్నప్పుడు వచ్చిన కోపాలన్నీ ఏనాడో చల్లారాయి, ఒక్కటి తప్ప. అది మా ఆర్మూర్ గోదాముల సేట్ల మీద వచ్చిన కోపం. ఇప్పటికీ ఎండిన పసుపు కొమ్ముల వాసన తగిలితే ముందు నాకు అదే గుర్తొస్తుంది.

మా ఇల్లు గోదాముల సందులో ఉండేది. పసుపు, మక్కలు, అదే మొక్కజొన్నలు, వచ్చే కాలంలో ఎలుకలు పడి సంచులన్నీ కొరికేవి. అప్పుడు సేట్లకు పిల్లులు కావాలి. చుట్టుపక్కల ఊళ్ల నుంచి కూనలను అడిగి మరీ తెప్పించుకునేవారు, గిన్నెల్లో పాలు పోసేవారు. సరుకు అమ్ముడుపోయి గోదాము ఖాళీ అయిందా, అవే పిల్లులను గోనెసంచిలో వేసి, మూతి కుట్టి, ఇందల్వాయి దిక్కు పోయే లారీలో పడేసేవారు. దారిలో ఎక్కడో ఒకచోట విసిరేయమని డ్రైవరుకు చెప్పేవారు. పని ఉన్నన్నాళ్లు ముద్దు, పని తీరగానే చెత్త! ఇది తప్పని ఒక్కరికైనా తోచలేదు. రాస్తుంటేనే ఒళ్లు మండుతోంది.

మా ఎదురింట్లో ఒక్కతే ఉండే ముస్లిం ఆవిడను పిల్లలమంతా ఖాలా అని పిలిచేవాళ్లం. చిరిగిన గోనెసంచులు కుట్టి బతికేది. లారీ మీద సంచి కదులుతున్నట్టు కనిపిస్తే చాలు, బండికి అడ్డంగా నిలబడి, సంచి దింపించి, దబ్బనంతో ఆ కుట్టు విప్పేది. అలా తెచ్చుకున్న పిల్లులతో ఆమె ఒంటిగది ఇల్లు నిండిపోయింది. తాను చాయ్‌లో రొట్టె ముంచుకు తిని, వాటికి ఎండుచేపలు ఉడికించి పెట్టేది. సందులో వాళ్లు చూసి నవ్వుకునేవారు.

ఒక ఎండాకాలం ఖాలా కడుపు పట్టుకుని పడిపోయింది. లోపల గడ్డ ఉందని, వెంటనే ఆపరేషన్ చేయాలని, చాలా రోజులు అక్కడే ఉండాలని నిజామాబాద్ దవాఖానలో చెప్పారు. ఆమె వినలేదు. మా నాయనమ్మ ఎంత బతిమాలినా ఒకటే మాట.

“నేను బస్సెక్కంగనే వీళ్లు సంచి మూతి కుడ్తరమ్మా. నా పిల్లలకు ఇండ్లు దొరికితేనే పోత. లేకుంటే ఈడనే సస్త.”

నాయనమ్మ నన్ను వెంటబెట్టుకుని ఇల్లిల్లూ తిరిగింది. అందరికంటే పెద్ద గోదాము ఉన్న సేటు కుర్చీలోంచి లేవకుండానే, “సీజన్ అయిపోయింది గదమ్మా, గిప్పుడు పిల్లుల్నేం జేసుకుంట?” అన్నాడు. ఖాలా ఇంట్లో ఉన్నవాటిలో సగం అతని గోదాములోవే. పక్కనున్న ఇంకొకాయన, పొద్దున్నే పిల్లి ఎదురొస్తే పని చెడుతుందన్నాడు. నేను ఆగలేకపోయాను. “మక్కల సంచులున్నప్పుడు ఎదురొస్తే మంచిదా?” అని అరిచేశాను. పిల్లకు బుద్ధి నేర్పుకోమని నాయనమ్మకు చెప్పి పంపించారు. బుద్ధి నేర్చుకోవలసింది నేనట!

ఇంటికి వచ్చాక నాయనమ్మ నన్ను తిడుతుందనుకున్నాను. ఆమె చాటలో బియ్యం పోసి పసుపు కలపడం మొదలుపెట్టింది.

మా దిక్కు పుట్టింటి వాళ్లు ఆడపిల్లను అత్తగారింటికి పంపేటప్పుడు పసుపు కలిపిన బియ్యం ఒళ్లో పోస్తారు. దాన్ని ఒడిబియ్యం అంటారు. అత్తగారింట్లో ఇల్లాలు దాన్ని కొంగులో అందుకుని, వండి నలుగురికీ పెడుతుంది. ఒడిబియ్యంతో గడప దాకా వచ్చిన పిల్లను వెనక్కి పంపిన ఇల్లు మేమెన్నడూ చూడలేదు.

మరునాడు పొద్దున నాయనమ్మ గోదాముకు పోలేదు, నేరుగా ఆ పెద్ద గోదాము సేటు ఇంటికి నడిచింది. మూతపెట్టిన గంప నా నెత్తి మీద ఉంది. సేటు భార్య గడపకు పసుపు రాస్తోంది. “మా ఆడిబిడ్డను తోలుకొచ్చిన. ఒడిబియ్యం అందుకో బిడ్డా” అంది నాయనమ్మ. ఆ మాట చెవిన పడగానే ఆమె చేతులు తుడుచుకుని కొంగు పట్టింది. ఎవరి బిడ్డ, ఏ ఊరి బిడ్డ అని అడగనే లేదు. మా దగ్గర ఏ ఇల్లాలైనా అంతే చేస్తుంది. బియ్యం కొంగులో పడ్డాక నాయనమ్మ గంప మూత తీసింది. నుదుట బొట్టుతో బూడిదరంగు పిల్లి బయటికి దూకింది.

సేటు లోపలినుంచి ఉరికి వచ్చాడు. “గిదేం తమాషా?”

ఎన్నడూ గొంతు పెంచని నాయనమ్మ మాట ఆ పూట సందు చివరి దాకా వినిపించింది. “తమాషా నాదా? నీ మక్కల సంచులు కావలి గాసింది గీ పిల్ల. దాన్ని సంచిల గుట్టి లారీల పడేసినవు. నీ బిడ్డకు గట్ల జేస్తే ఊకుంటవా? మేం గూడ ఊకోం. మేం దీని పుట్టింటోళ్లం. ఎట్లున్నదో సూడనీకి వస్తనే ఉంటం!”

సేటు తన భార్య వైపు చూశాడు. ఆమె కొంగు వదలలేదు. “పట్టినంక యాడికి తోలుత? ఉండనియ్యి” అంది. మధ్యాహ్నం ఆ బియ్యం వండి ఇరుగుపొరుగుకు పెట్టింది, పిల్లికీ పెట్టింది.

పెద్దింట్లో చెల్లిన మాట మిగతా ఇళ్లలోనూ చెల్లింది. ఒంటికన్ను గండుపిల్లికి ఒడిబియ్యం ఎలా పోస్తావని నేనడిగితే, దాన్ని ఇల్లరికం పంపుతానంది నాయనమ్మ. అన్నట్టే కొడుకులు లేని మిల్లు యజమాని ఇంటికి తోలింది. చివరి గంప కూడా ఖాళీ అయ్యాక ఖాలా మా నాయనమ్మ రెండు చేతులూ కళ్లకు అద్దుకుని బస్సెక్కింది.

వానలు పడుతుండగా తిరిగొచ్చింది, సగం మనిషై. తన ఇంటి తాళం తీయకుండానే సేటు ఇంటికి పోయింది. సేటు భార్య పీట వేసి, “అగో, మీ అమ్మ వచ్చింది సూడే” అని పిల్లిని పిలిచింది. సేటు మాత్రం ఏ తప్పూ చేయనివాడిలా లోపల కూర్చున్నాడు. అతన్ని నేను ఈనాటికీ క్షమించలేదు.

ఇప్పుడు పెంచుకుంటారా అని కూనల ఫొటో ఫోన్‌లో పెట్టి, ఎవరో ఒకరు తీసుకుపోగానే చేతులు దులుపుకుంటున్నారు. ఆ పిల్ల బతికిందో చచ్చిందో మళ్లీ అడిగే దిక్కు లేదు. నాకు ఆ సేటే గుర్తొస్తాడు. మొన్న ఆలూర్‌లో ఒకరింటికి నేనూ ఒక కూనను ఇచ్చాను, ఒడిబియ్యంతోనే. మోకాళ్లు మొరాయిస్తున్నా ఎండుచేపల పొట్లం పట్టుకుని ఆటోలో పోయి చూసి వస్తుంటాను. నన్ను చూడగానే ఆ ఇంటి కోడలు, “పిల్లి పుట్టింటోళ్లు వచ్చిండ్రు!” అని పకపకా నవ్వుతుంది. నవ్వితే నవ్వనీ. కూన వచ్చి నా కాళ్లకు రాసుకున్న తరువాతే నేను ఆ ఇంట్లో చాయ్ ముట్టుకుంటాను.