కలుపుగోలు మనిషి

నందికొండల డ్యాం కడుతున్న రోజులవి. కల్వకుర్తి దిక్కు గొర్లకాపరుల ఇంట్ల పుట్టిన నేను, పెండ్లైనంక డ్యాం పనోళ్ల కాలనీకి వచ్చిన. మా ఆయన పొద్దున పనికి పోతే పొద్దుగూకినంకనే వచ్చేది. నాకు కాలు ఒక్కతాన నిలిచేది కాదు. వంట కాంగనే ఇండ్లిండ్లు తిరిగేదాన్ని. ఒకరి పిల్లకు జడ అల్లేదాన్ని, ఇంకొకరి బియ్యం చెరిగేదాన్ని.

పక్కింట్ల గుంటూరు దిక్కు నుంచి వచ్చిన అక్క ఉండేది. ఒకనాడు నల్లా కాడ నన్ను చూపెట్టి, "ఈ పిల్ల భలే కలుపుగోలు మనిషండీ" అన్నది. అక్కడున్నోళ్లంతా నవ్విండ్రు.

నా పానం చివుక్కుమన్నది. మా చేన్లల్ల కలుపంటే జొన్నను మింగే గడ్డి. పీకి గట్టు మీద పారేస్తం. పిలువకున్నా అందరి ఇండ్లల్ల మొలుస్తున్ననని గట్లన్నదేమో అనుకున్న. ఖాళీ బిందె ఎత్తుకొని వచ్చేసిన.

ఆనాటి సంది తలుపేసుకొని ఇంట్లనే ఉన్న. కూసుంటే లేవాలనిపిస్తది, లేస్తే ఎటు పోవాల్నో తెలువది. ఊడ్చిన అర్రనే మల్ల ఊడ్చిన. గోడ అవుతల ఆమె గొంతు వినవడితే చెవి అటే గుంజేది. మా ఆయనను అడిగితే, "గా దిక్కోళ్ల మాటలు నాకేం ఎర్క? ఆమెనే అడుగు" అన్నడు. అడగనీకి నోరు రాలేదు.

ఆఖరికి ఆమెనే చంటిపిల్లను ఎత్తుకొని వచ్చింది.

"ఏమ్మా, ఒంట్లో బాగోలేదా? ఇది నీకోసం ఒకటే ఏడుపు."

"నేను కలుపు మొక్కను గదా అక్కా, నాతోని మీకేం పని?"

సంగతి సమజై ఆమె గడప మీద కూలవడ్డది.

"అయ్యో పిచ్చిదానా! ఆ కలుపు కాదే. అన్నంలో మజ్జిగ కలుపుతాం చూడు, అదీ. కొనుక్కోవడం కొనుగోలు అయినట్టే, నలుగుర్నీ కలుపుకోవడం కలుపుగోలు. మా నాన్న బడిపంతులు, ఇలాగే విడగొట్టి చెప్పేవారు."

"మరి అందరెందుకు నవ్విండ్రు?"

"అందరి బిందెలూ నింపి, నీది ఖాళీగా పెట్టుకున్నావు గనక!"

కొత్తగా కొన్న గొర్రె కొన్నాళ్లు దూరంగనే నిలవడ్తది. కొన్ని మాత్రం వచ్చిన పూటనే మందల కలుస్తయి. గసుంటి మనుషులను మా అవ్వ మందల కలిసేటోళ్లనేది. గా మాట చెప్తే అక్క మురిసిపోయింది.

పిల్లను సంకనేసుకొని ఎదురింటికి పోయిన. ఇన్నొద్దులు రానందుకు ఆ ఇంటామె ఏమనుకున్నదో అనుకుంటనే తలుపు కొట్టిన.