నర్సయ్య సార్ చెప్పిన అబద్ధం

ఫోను విప్పి, చార్జింగు పిన్ను పెట్టే చోట దూదితో స్పిరిటు అద్దగానే వచ్చే ఆ ఘాటు ముక్కుకు తగిలితే చాలు, నాకు కోదాడ గుర్తొస్తుంది. సూర్యాపేటలో సొంతంగా సెల్‌ఫోన్ల రిపేరు షాపు పెట్టుకుని చాలా ఏళ్ళయింది. రోజంతా ఆ వాసన మధ్యే కూర్చుంటాను. అయినా అది నాకు పాతబడలేదు. నిన్న పొద్దున కూడా అంతే. ఒక్క క్షణం నా చేతిలో ఉన్నది ఫోను కాదనిపించింది. పక్కనే నర్సయ్య సార్ కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని, "రుద్దుడు గాదు బిడ్డా, తుడువాలె. అది తోమే బోలు గాదు" అంటున్నట్టే ఉంది. స్పిరిటు ఆరిపోయినా కాసేపటిదాకా పని మొదలుపెట్టలేకపోయాను.

సార్ కోదాడలో పెళ్ళిళ్ళకు మైకు సెట్లు కిరాయికి ఇచ్చేవారు, టేపు రికార్డర్లు బాగుచేసేవారు. మస్కట్‌లో పనిచేసే మేనల్లుడు ఆయనకు ఒక మినీ డిస్క్ రికార్డరు తెచ్చిచ్చాడు. ఇప్పటి పిల్లలకు ఆ పేరే తెలియదు, అప్పటి పెద్దలకూ పెద్దగా తెలియదు. అరచేతిలో ఇమిడే మెషిన్, అందులో పలచటి ప్లాస్టిక్ గూడులో ఒక చిన్న బిళ్ళ. క్యాసెట్‌లో వినిపించే బుస అందులో ఉండదు, మనిషి ఎదురుగా కూర్చుని పాడినట్టే ఉంటుంది. డిగ్రీ అయిపోయి, ఇంట్లో సంబంధాల గోల మొదలయ్యాక, దాని నుంచి తప్పించుకోవడానికి నేను ఆ షాపులో పనికి చేరాను. సూర్యాపేటలో బస్సెక్కి, మునగాల దాటి కోదాడలో దిగేసరికి ముఖమంతా హైవే దుమ్ము. సార్ ముందు మంచినీళ్ళ చెంబు చూపించి, తర్వాతే పని చెప్పేవారు.

నాది ముక్కుసూటి స్వభావం. మా అమ్మ లెక్కన నా నోటికి బ్రేకులు లేవు. సార్ దానికి పూర్తిగా వ్యతిరేకం. ఒకరోజు మఠంపల్లి నుంచి ఒకాయన వచ్చి, గల్ఫ్ నుంచి తెచ్చుకున్న డిస్క్ ప్లేయరును బల్ల మీద ధడాలున పెట్టాడు. "ఏ బటనొత్తినా ఉలుకు లేదు, పలుకు లేదు. ఖతమైంది" అన్నాడు. పక్కన కొత్తగా పెళ్ళయిన భార్య నిలబడి ఉంది. నాకు చూడగానే అర్థమైంది, హోల్డ్ మీట జరిగి ఉంది. అది అలా ఉంటే ఏ బటనూ పనిచేయదు. నేను నోరు తెరిచేలోపు సార్ దాన్ని తీసుకుని లోపలికి వెళ్ళి, కాసేపు ఉండి బయటికొచ్చారు. "జర దుమ్ము వట్టింది, తీసిన. ఇగ మంచిగుంటది. ఈ మీట ఉన్నది సూడు, గిది ఎప్పుడు గిట్ల ఎనుకకే ఉండాలె" అన్నారు. ఆయన సంతోషంగా వెళ్ళిపోయాడు.

"అబద్ధమెందుకు జెప్పిన్రు సార్?" అని నిలదీశాను.

"మీట సంగతి జెప్పిన్నా, లేదా?"

"జెప్పిన్రు."

"మల్లేంది? కొత్త పెండ్లాం ముంగట గాయన్ని తెలివితక్కువోణ్ణి జెయ్యాల్నా?"

నాకు అది నచ్చలేదు. ఉన్న మాట చెప్పడానికి ఇంత డొంకతిరుగుడు ఎందుకని బస్సులో ఇంటిదాకా గొణుక్కున్నాను.

రికార్డింగు దగ్గరికి వచ్చేసరికి మాత్రం సార్‌కు ఏ మొహమాటమూ ఉండేది కాదు. మైకును మెషిన్ పక్కన పెడితే కసిరేవారు. "దాని కడుపుల తిరిగే సప్పుడంత పాటల గలుస్తది" అనేవారు. సౌండును మెషిన్ ఇష్టానికి వదలకూడదు. వదిలితే, పాడే మనిషి ఊపిరి తీసుకునే సందులో అది ఈగల మోతను కూడా పెద్దది చేసి పెడుతుంది. ముందు గట్టిగా ఒక ముక్క పాడించుకుని, తెర మీది గీతలు చివరికి తగలకుండా చేత్తోనే సరిచేసుకోవాలి. వీటన్నిటికీ మించి ఒక నియమం ఉండేది. స్టాప్ నొక్కిన తర్వాత మెషిన్ ఏ పాట ఎక్కడ ఉందో బిళ్ళ మీద రాసుకుంటుంది. ఆ కాసేపు దాన్ని ముట్టుకోకూడదు, కుదపకూడదు, బ్యాటరీ కదలకూడదు. సార్ అరచెయ్యి ఎత్తి పట్టుకుంటే, చెయ్యి దించేదాకా చుట్టూ ఉన్నవాళ్ళు దగ్గడానికి కూడా భయపడేవారు.

ఒక చలికాలం నేరేడుచర్ల దగ్గరి తండా నుంచి సునీత అనే అమ్మాయి షాపుకొచ్చింది. ఆమెకు మిర్యాలగూడ వైపు సంబంధం ఖాయమైంది, పెళ్ళి ఎండాకాలంలో. లంబాడీ పెళ్ళిళ్ళలో ఆడపిల్ల అత్తారింటికి బయలుదేరేటప్పుడు అయినవాళ్ళను ఒక్కొక్కరినే కావలించుకుని పాడుతూ ఏడుస్తుంది. దాన్ని ఢావ్లో అంటారు. పెళ్ళికి ముందు పెద్దవాళ్ళు కూర్చోబెట్టి నేర్పుతారు. తండాలో అది బాగా తెలిసిన మనిషి సునీత తల్లి కమ్లీ. కానీ కమ్లీ గొంతులో కేన్సరు పుట్టింది. హైదరాబాద్ దవాఖానలో గొంతుపెట్టె తీసేస్తామన్నారు. తీసేస్తే మనిషి బతుకుతుంది, మాట మాత్రం ఉండదు. నాయన ఎప్పుడో పోయాడు, ఉన్నది అమ్మ ఒక్కతే.

"ఎల్లుండి పట్నం తోల్కపోతున్న సార్. పెండ్లినాటికి అమ్మ ఉంటది గని అమ్మ గొంతు ఉండదు. జర మిషన్ల పట్టియ్యిన్రి" అని, ఇంక చెప్పలేక ఓణీ నోట్లో కుక్కుకుంది.

మర్నాడే షేర్ ఆటోలో వెళ్ళాం. కమ్లీ ఇంటి ముందు మంచం మీద కూర్చుని ఉంది. బక్కపలచటి మనిషి. గొంతు బొంగురుపోయింది కానీ చూపు చురుగ్గా ఉంది. సంగతి వినగానే తల అడ్డంగా ఊపింది.

"పిల్ల ఇంట్లనే తిరుగుతుంటె, ఎల్లగొట్టినట్టు ఇప్పుడే ఏడ్వాల్నా సారూ? అరిష్టం. నేనైతె పాడ."

సునీత బతిమాలింది. కమ్లీ వినలేదు. నాకైతే ఒళ్ళు మండింది. తెల్లారితే దవాఖాన, ఈమెకు ఇంకా శకునాలు కావాలా అనుకున్నాను. సార్ తొందరపడలేదు. వాళ్ళిచ్చిన చాయ్ పూర్తిగా తాగి, గ్లాసు కింద పెట్టి అడిగారు.

"నువ్వు పాడకు చెల్లె. నేర్పుతె తప్పు లేదు గద? ఎట్లైన నేర్పవల్సిందే నాయె. కూసోవెట్టి పిల్లకు నేర్పు. మేమొక దిక్కు కూసుంటం."

కమ్లీ చెంబెత్తి రెండు గుక్కల నీళ్ళు తాగింది. తర్వాత కూతురిని పిలిచి ఎదురుగా కూర్చోబెట్టుకుంది.

అంత మంచి రికార్డింగు మేము మళ్ళీ చేయలేదు. తల్లి వాళ్ళ భాషలో ఒక ముక్క పాడుతుంది, కూతురు అందుకుంటుంది. కూతురు రాగం తప్పుతుంది, తల్లి తిడుతుంది, ఇద్దరూ నవ్వుతారు. నవ్వుతుంటే కమ్లీకి దగ్గు వస్తుంది. ఆగి, నీళ్ళు తాగి, మళ్ళీ అదే ముక్క. చివరికి వచ్చేసరికి నేర్పడం ఎక్కడో ఆగిపోయింది. ఇద్దరూ పాడుతున్నారు, ఇద్దరి కళ్ళూ కారుతున్నాయి. నాకు ఆ భాష ఒక్క ముక్క రాదు. అయినా నేనూ ఏడ్చాను.

కమ్లీ గొంతు పూర్తిగా పూడుకుపోయాక సార్ స్టాప్ నొక్కి అరచెయ్యి ఎత్తారు. తెర మీద అక్షరాలు మెరుస్తున్నాయి. అప్పుడు కమ్లీ లేచి వచ్చింది. తన పాఠమంతా దాచుకున్న ఆ మెషిన్‌ను రెండు చేతులతో తీసుకుని, దేవుడి ప్రసాదం తీసుకున్నట్టు కళ్ళకద్దుకుంది. అద్దుకుంటుంటే మైకు తీగ మంచం కోడుకు తట్టుకుంది. మెషిన్ చేతిలోంచి జారి కింద పడింది. బ్యాటరీ ఊడి దూరంగా దొర్లింది.

సార్ వంగి అన్నీ ఏరుకున్నారు. బ్యాటరీ వేసి చూశారు. డిస్కు ఖాళీ అని వచ్చింది. నాకూ కనిపించింది. నేను నోరు తెరిచేలోపు సార్ నా మణికట్టు గట్టిగా పట్టుకున్నారు. పట్టుకునే కమ్లీ వైపు చూసి నవ్వారు.

"ఏం గాలె చెల్లె. మంచిగొచ్చింది. నువ్వు నిమ్మలంగ పోయి రా."

కమ్లీ కూడా నవ్వి రెండు చేతులూ జోడించింది.

ఆటోలో నేను ఆగలేకపోయాను. "ఖాళీ అని సూపెడ్తుంటె మంచిగొచ్చిందని ఎట్ల జెప్తరు సార్? ఇంకొక్క ముక్కన్న పాడిచ్చుకుంటుంటిమి."

"ఇగ ఆమె గొంతుల ఏమున్నది బిడ్డా పాడనీకి? రేపు కత్తి కిందికి పోయే మనిషి. నా చేతులతోనే పోగొట్టుకున్న అని గా బరువు గూడ మోస్కపోవాల్నా?"

"పాట రాకపోతె?"

"రావాలె. అబద్ధమాడినంక దాన్ని నిజం జేసే పూచీ గూడ మనదే."

షాపుకు రాగానే ఆ డిస్కును కాగితంలో చుట్టి, ఎవ్వరూ ముట్టుకోవద్దని నాకు ఒట్టు పెట్టించారు. దాని మీద పొరపాటున మళ్ళీ రికార్డు నొక్కితే పని ఖతం. తర్వాత నన్ను కూర్చోబెట్టి చెప్పారు. పుస్తకంలో విషయసూచిక ఉన్న పేజీ చింపేస్తే కథ పోదు. పాట కూడా బిళ్ళ మీదే ఉంది. ఎక్కడ మొదలై ఎక్కడ అయిపోయిందో చెప్పే సూచికను మాత్రం మెషిన్ రాసుకోలేదు. దాన్ని మనం రాయించాలి. అంతే కొలత ఉన్న ఇంకో డిస్కు మీద మొదటి నుంచి చివరిదాకా ఉత్త నిశ్శబ్దాన్ని రికార్డు చేస్తే, "ఇది నిండా ఉంది" అనే సూచిక మెషిన్ మనసులో తయారవుతుంది. అది రాసుకోబోయే ముందు, మూత తెరిచిన సంగతి దానికి తెలియకుండా డిస్కు మార్చేయాలి. మూత సంగతి చెప్పే చిన్న మీట ఒకటి లోపల ఉంటుంది, దాన్ని నొక్కి పట్టి ఉంచాలి. అప్పుడు మెషిన్ ఆ సూచికను తీసుకెళ్ళి పోయిన డిస్కు మీద రాస్తుంది.

చెప్పినంత తేలిక కాదు. ముందు పాత భజన డిస్కులను కావాలనే పాడుచేసి, వాటి మీద ప్రయత్నించారు. అగ్గిపుల్ల చెక్కి మీటకు అడ్డం పెట్టారు, అది జారింది. టేపు అంటించారు, అది ఊడింది. అన్నం ముందు పెట్టుకుని కూడా ఆ మూతనే చూస్తుండేవారు. ఒక మధ్యాహ్నం దవాఖాన నుంచి సునీత ఫోను చేసింది. ఆపరేషన్ అయిందని, అమ్మకు ఇంక మాట లేదని చెప్పింది. "డిస్కు పైలమేనా అని అమ్మ సైగ జేస్తున్నది సార్" అంది. సార్ ఫోను పెట్టేసి మళ్ళీ ఆ మూత ముందు కూర్చున్నారు. అంతకుముందు ఫోనులో, డిస్కు భద్రంగానే ఉందని, "పైలమే బిడ్డా" అన్నప్పుడు ఆయన గొంతు కొంచెం కూడా వణకలేదు. అది ఎలా చేయగలిగారో నాకు ఈనాటికీ అర్థం కాదు.

చివరికి అగ్గిపుల్లకు టేపు చుట్టి పెడితే కుదిరింది. పాడుచేసిన డిస్కుల్లోని భజనలు వరసగా తిరిగొచ్చాక, ఇక నమ్మకం కుదిరి, కాగితం విప్పారు. మీట నిలిచింది, డిస్కు మారింది, తెర మీద అక్షరాలు మెరిశాయి. ఆగిపోయాక సార్ హెడ్‌ఫోను తను పెట్టుకోలేదు. "నువ్వు ఇను బిడ్డా, నాకు కాళ్ళు చేతులు ఆడుత లేవు" అన్నారు. పెట్టుకున్నాను. మొదట గాలి. తర్వాత ఎవరో గ్లాసు కింద పెట్టిన చప్పుడు. తర్వాత కమ్లీ గొంతు సవరించుకుంది. నేను తల ఊపాను. సార్ కుర్చీలో కూలబడి, భుజం మీది తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చారు.

సునీత ఆ డిస్కు వినీ వినీ ఢావ్లో నేర్చుకుంది. పెళ్ళికి మమ్మల్నీ పిలిచారు. నేను మెషిన్ సంచి సర్దుతుంటే సార్ వద్దన్నారు, ఈసారి చుట్టాల్లాగా పోదామన్నారు. బయలుదేరే వేళ సునీత తల్లిని కావలించుకుని పాడింది. ఒకచోట రాగం తప్పింది. కమ్లీ కూతురి వీపు మీద చిన్నగా ఒక దెబ్బ వేసింది. సునీత వెనక్కి వెళ్ళి ఆ ముక్క మళ్ళీ సరిగ్గా పాడింది.

కొన్నేళ్ళ తర్వాత సార్ గుండెపోటుతో పోయారు. దినాల నాడు సునీత, కమ్లీ కోదాడ వచ్చారు. ముందుగదిలో దండ వేసిన సార్ ఫోటోకు దండం పెట్టుకున్నాక, కమ్లీ నా చెయ్యి పట్టుకుని బయట అరుగు మీదికి లాక్కొచ్చింది. పెదవులు కదిలిస్తూ ఏదో చెప్పసాగింది. సునీత ఆ పెదవులు చూస్తూ పైకి చెప్పింది.

"ఆనాడు డిస్కు కరాబైందని అమ్మకు అప్పుడే తెల్సంట."

నాకే కాదు, సునీతకూ అది కొత్త సంగతే.

"మా నాయన లారీ కింద వడ్డనాడు కబురు దెచ్చినాయన గూడ ఏం గాలె అనుకుంట, సార్ నవ్వినట్టే నవ్విండంట. గా నవ్వు అమ్మకు ఎర్కనేనంట."

"మరి ఒక్క మాట అనలేదేంది?" అన్నాను కమ్లీతో.

కమ్లీ సమాధానం చెబుతూ కళ్ళు తుడుచుకుంది. సునీత చెప్పింది. "నా కోసం గంత కష్టపడి నవ్వుతుంటె, నాకు తెల్సని ఎట్ల జెప్పాలె అంటున్నది."

అంటే దవాఖానకు ఆ బరువు మోసుకునే వెళ్ళింది. మోస్తున్నానని సార్‌కు తెలియనివ్వలేదు. డిస్కు పైలమేనా అని అడిగించింది కూడా ఆయనకు ధైర్యం ఇవ్వడానికేనేమో. సార్ చేసింది తప్పో, ఆమె చేసింది ఒప్పో తేల్చే తెలివి నాకు లేదు. చనిపోయిన మనిషి ఫోటోలు ఫోనులోంచి పోయాయని ఏడుస్తూ నా షాపుకు వచ్చేవాళ్ళు ఎందరో ఉంటారు. మంచిగున్నాయని చెప్పే ధైర్యం నాకు ఇంతవరకు రాలేదు. పోయాయి అనే మాట కూడా వెంటనే రాదు. కుర్చీ వేసి, మంచినీళ్ళిచ్చి, ఎవరి చేతిలో పోయాయో మాత్రం అడగను.

కమ్లీ ఆ మాట చెప్పడానికి నన్ను అరుగు మీదికి ఎందుకు లాక్కొచ్చిందో ఆరోజు బస్సులో వస్తుంటే తట్టింది. ఫోటో ముందు, సార్‌కు వినబడేలా, ఆ మాట చెప్పడం ఇష్టం లేక. ఇప్పుడు సార్‌దే అలాంటి ఫోటో ఒకటి నా షాపు గోడకు ఉంది. ఇదంతా నేను బయట మెట్ల మీద కూర్చుని రాశాను.