ఆగ్నేసమ్మ వేషం

ఇవాళ మా అమ్మాయి పదమూడో పుట్టినరోజు. దేవుడి గదిలో సాంబ్రాణి వేస్తుంటే నర్సీపట్నంలో మన కాన్వెంట్ స్టేజీ గుర్తొచ్చింది. నాతో చదివిన మీకూ గుర్తుందా?

ఆ నాటకంలో పునీత ఆగ్నేసమ్మ వేషం నాది. క్రీస్తును నమ్ముకుని, రోమన్ల దేవతకు సాంబ్రాణి వెయ్యనంటే ఆ పదమూడేళ్ల పిల్ల తల నరికేస్తారు.

కుంపట్లో నిప్పులు నిజంవే. పొగకి కళ్లు మండుతున్నాయి. భటుడి వేషంలో ఉన్న రమ అట్టకత్తి ఎత్తింది.

“వెయ్యను” అన్నాను.

గొలుగొండ నుంచి వచ్చిన మా నాన్నమ్మ ముందు వరసలో లేచి నిలబడింది.

“ఏ దేవుడైతే ఏటే, సిటికెడు ఏసెయ్యే. బేగి ఏసెయ్, తల్లీ.”

హాల్లో ఎవరూ నవ్వలేదు. ఆమెనే చూస్తూ మళ్లీ “వెయ్యను” అన్నాను. కత్తి దిగింది.

తెర పడ్డాక నాన్నమ్మ వచ్చి నా మెడ తడిమి చూసుకుంది.

“ఆ పిల్ల తల్లి అప్పుడు అక్కడ నేదేటే?” అని అడిగింది.