నలభై రెండో రోజు నడక

మా ఊళ్లో నడిచే మనిషిని నడవనివ్వరు. అది మర్యాద. దారిన నడిచిపోతున్నవాళ్లని చూసి కూడా బండి ఆపకుండా వెళ్లాడంటే వాడు మనిషే కాదని లెక్క. ఈ సంగతి గుంటూరులో ఏసీ గదిలో కూర్చున్న డాక్టరుకి తెలియదు. ఆయన నా కాగితాలు చూసి, "రోజూ ముప్పావుగంట గబగబా నడవండమ్మా. రెండు నెలలు చూస్తాను. తగ్గకపోతే ఇన్సులిన్ తప్పదు" అన్నాడు.

సూదంటే నాకు చచ్చేంత భయం. మా అమ్మకి ఆఖరి ఏళ్లలో రోజూ పొట్ట మీద సూది వేసింది నేనే. వేసిన ప్రతిసారీ ఆమె కళ్లు మూసుకునేది, నేనూ మూసుకోబోయి తమాయించుకునేదాన్ని. అదే చేత్తో నా పొట్టలో నేను పొడుచుకోవడం నా వల్ల కాదు. అందుకని మర్నాడు తెలతెలవారుతుండగానే చీర కుచ్చిళ్లు ఎగదోపి, మా అబ్బాయి పాత బూట్లు తొడుక్కుని రోడ్డెక్కాను.

నూరడుగులు వేశానో లేదో, మిరపకోతకి పోయే ఆటో పక్కన ఆగింది. లోపల పద్నాలుగుమంది ఆడవాళ్లు. కూలీలని కూడగట్టే ముఠా మేస్త్రి, అరవై దాటిన మనిషి, డ్రైవరు పక్కనుంచి తల బయటపెట్టింది.

"ఎక్కమ్మాయ్, సర్దుకుంటాం."

"వద్దు పెద్దమ్మా, నడవాలి. షుగరొచ్చింది. డాక్టరు నడవమన్నాడు."

"షుగరొచ్చినోళ్లకి ఓపికే ఉండదు, ఇంకా నడుస్తానంటావేంటి? ఎక్కు."

మళ్లీ వద్దన్నాను. "మా పక్కన కూర్చోటం నామోషీనా?" అంది. ఇక ఎక్కక తప్పలేదు. పదిహేనోదాన్నై, ఎవరిదో అన్నం క్యారేజీ ఒళ్లో పెట్టుకుని మిరపచేను దాకా వెళ్లాను. తిరుగుదారైనా నడుద్దామంటే పాలాయన బండి ఆపాడు. క్యాన్ల మధ్య ఇరుక్కుని ఇంటికి చేరాను.

మా పుట్టిల్లు కూడా ఆ దారిలోనే ఉండటం నా ఖర్మ. మొగుడితో గొడవపడి పుట్టింటికి నడిచిపోతున్నానని ఊరంతా అనుకున్నారు. మూడోరోజు మా ఆయన బాబాయి నన్ను బండెక్కించుకుని ఇంటికి తెచ్చి దింపి, మా ఆయన్ని అరగంట దులిపాడు. "ఏరా, ఇంటి కోడల్ని ఇట్టా రోడ్డున పడేస్తావట్రా?" అని. ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టయింది పాపం ఆయన పని. టీ గ్లాసు పట్టుకుని నా వంక చూస్తూ కూర్చున్నాడు.

వారం తిరిగేసరికి నేను నడిచింది తక్కువ, ఎక్కింది ఎక్కువ. పైగా దింపిన ప్రతివాళ్లూ ఇంట్లోకి పిలిచి, పంచదార దండిగా వేసి టీ ఇచ్చారు. ఒళ్లు మండిపోయింది. మంచితనంతోనే మనిషిని చంపేస్తారు మావాళ్లు.

ఎనిమిదోరోజు ఆటో ఆగగానే అబద్ధం నా నోట్లోంచి దానంతటదే వచ్చేసింది. "మొక్కు పెద్దమ్మా. నలభై ఒక్క రోజులు ఆంజనేయస్వామి గుడిదాకా నడిచి, ప్రదక్షిణాలు చేస్తానని మొక్కుకున్నా."

ఆటోలో ఉన్నవాళ్లంతా ఒక్కసారి దణ్ణం పెట్టారు. మా ఊరి సాయిబు ఆ ఆటో డ్రైవరు, అతను పాట ఆపేశాడు. "పోనియ్, పోనియ్, మొక్కు మనిషికి అడ్డం ఉండమాక" అని మేస్త్రి అతని భుజం మీద ఒక్కటి చరిచింది.

అప్పట్నుంచి రోడ్డు నాదైంది. పాలాయన నన్ను చూస్తే హారను కూడా కొట్టేవాడు కాదు. ఇదేదో ముందే తోచి ఉంటే బాగుండేదనుకున్నాను.

నాలుగు రోజులకి మేస్త్రి ఆటో దిగి నా దగ్గరికొచ్చింది. "ఎట్టాగూ తిరుగుతున్నావుగా, మా అల్లుడు తాగుడు మానాలని మూడు చుట్లు కలుపమ్మాయ్" అంది. కాదంటానా? మర్నాడు పక్కింటివాళ్లు బోర్లో నీళ్లు రావాలని తొమ్మిది కలిపారు. కల్లంలో కాయ ఆరేదాకా వాన రాకూడదని ఎదురింటివాళ్లు అయిదు. ఆఖరికి డ్రైవరు కూడా, "మా ఆటో గేరుబాక్సుకి రెండు చుట్లు కలపక్కా. దేవుడు మీవాడైనా కాళ్లు నీయేగా" అన్నాడు. పదకొండు ప్రదక్షిణాలతో మొదలైనవి నలభై దాటాయి. లెక్క తప్పకుండా కొంగున చింతపిక్కలు కట్టుకుని తిరిగేదాన్ని. ఒకందుకు పోస్తే ఇంకొకందుకు తాగినట్టు, వాళ్ల కోరికలన్నీ నా షుగరుకి మందయ్యాయి. పూజారిగారు ప్రసాదమని చేతినిండా పెట్టే చక్కెర పొంగలి మాత్రం ఇంటికి తెచ్చి గేదెకి పెట్టేదాన్ని. నలభై రోజుల్లో అది నున్నగా తయారైంది.

ఒక్కరోజు, ఇరవై తొమ్మిదో రోజు, పిక్కలు పట్టేసి లేవలేకపోయాను. ఆరోజే మబ్బు పట్టాలా? ఆరున్నరకల్లా గుమ్మం ముందు సగం బజారు నిలబడింది. కల్లంవాళ్లు పట్టాలు చంకన పెట్టుకునే వచ్చారు. "లెగు తల్లీ, నీకు పుణ్యం ఉంటుంది!" ఇద్దరు రెక్కలు పట్టుకుని లేపారు. రెండు చినుకులు పడనే పడ్డాయి. ఆ రెండూ నేను పడుకోబట్టే పడ్డాయన్నారు. బద్ధకం వచ్చినా పడుకోనివ్వని ఊరు ఉంటే ఎవరి ఒళ్లైనా బాగుపడుతుంది.

మొక్కు తీరిన రోజు గుంటూరు వెళ్లి పరీక్ష చేయించుకున్నాను. "బాగా తగ్గిందమ్మా. కానీ ఆపారంటే మళ్లీ మొదటికొస్తుంది" అన్నాడు డాక్టరు.

నలభై రెండో రోజు పొద్దున బూట్లు తొడుక్కుంటుంటే మా ఆయన, "మొక్కు తీరిందిగా, ఇంక పడుకో" అన్నాడు. లేసులు బిగించుకుని బయటికొచ్చాను. నూరడుగులు వేశానో లేదో, ఆటో ఆగింది.

"మొక్కు తీరిందిగా అమ్మాయ్, ఎక్కు" అని మేస్త్రి పక్కకి జరిగింది. జరిగి, ఏదో గుర్తొచ్చినట్టు, "ఇంతకీ నువ్వేం మొక్కుకున్నావే?" అంది.

నలభై ఒక్క రోజులు. ఊరి బోర్లు, అల్లుళ్లు, గేరుబాక్సులు అన్నీ మోశాను. నాదేంటని అడిగిన మనిషి లేదు. ఇంట్లో మనిషి కూడా అడగలేదు. నాకు ఏడుపొచ్చింది. రోడ్డు మీదే, వాళ్లందరి ముందే ఏడ్చాను.

"నాకు సూది పడకూడదని పెద్దమ్మా. నాకే, నా ఒంటికే. మొక్కూ లేదు, పాడూ లేదు. మా అమ్మలాగా సూదులు పొడుచుకుంటూ బతకలేక నడుస్తున్నా. మొదటిరోజే చెప్పాను షుగరని. మీరెవరూ వినలేదు."

మేస్త్రి చిన్నగా, "మరి మా అల్లుడి చుట్లు?" అంది.

"అవి నిజంగానే తిరిగాను."

ఆమె నా బూట్ల వంక చూసింది, నా మొహం వంక చూసింది. తర్వాత డ్రైవరు భుజం మీద చరిచి, "పోనియ్" అంది.

ఆటో ముందుకు పోయింది. కళ్లు తుడుచుకుని నడక మొదలుపెట్టాను. అంతలో వెనక పాలాయన బండి స్పీడు తగ్గిన చప్పుడు వినపడింది. దూరంగా పోతున్న ఆటోలోంచి సగం ఒళ్లు బయటికి వేలాడేసి మేస్త్రి అరిచింది.

"ఒరేయ్, ఆపమాక! ఆమెకి షుగర్రా! నడవనియ్!"